రొమ్ములో కంతి : నిర్ణయ మెట్లు?

స్నానము చేయుచుండగానో, రవిక తొడుగుకొనుచుండగానో ఒక స్త్రీ చేతికి రొమ్ములో రేగుపండంత గట్టి కంతి తగులును. నొప్పి లేదు, జ్వరము లేదు. నిన్నటివరకు తెలియనిది నేడు తెలిసినది. ఆ క్షణమున పుట్టిన భయము సాధారణముగా రెండు దారులలో పోవును. 'ఇది రాచపుండే, ఇక నా పని అయిపోయినది' అను నిరాశ ఒక దారి. 'నొప్పి లేదు గదా, దానంతట అదే పోవును' అను ఉపేక్ష రెండవ దారి. రెండును నష్టము కలిగించునవే. రొమ్ములో తగులు కంతులలో హెచ్చుభాగము కాన్సరు కావు. అట్లని భారతదేశమున స్త్రీలకు వచ్చు కాన్సర్లలో రొమ్ము కాన్సరే మొదటి స్థానమున నున్నదన్న సంగతి మరువరాదు. ఏ కంతి ఎట్టిదో ఊహించి చెప్పుట ఎవరికిని తరము కాదు. పరీక్షించి తెలిసికొనుటకు మాత్రము చక్కని పద్ధతి యున్నది. ఆ పద్ధతి ఎట్టిదో, అరుదైన కంతుల విషయమున దానిని తు.చ. తప్పక పాటించుట ఏల అవసరమో వివరించుటయే ఈ ప్రసంగముయొక్క ఉద్దేశము.

ఈ పద్ధతి లేని రోజులలో ఎట్లుండెడిదో తెలుపు ఉదంత మొకటి చరిత్రలో నిలిచియున్నది. ఫానీ బర్నీ అను ఆంగ్ల నవలా రచయిత్రి పారిస్ నగరమున నివసించుచు 1811 సెప్టెంబరు 30వ తేదీన రొమ్ము తొలగించు శస్త్రచికిత్సకు లోనయ్యెను. నెపోలియన్ సేనలో ప్రసిద్ధుడైన శస్త్రవైద్యుడు బారన్ లారే ఆ చికిత్స జరిపెను. మత్తుమందు లింకను వైద్యమునకు రాని కాలమది. ఆమె తెలివితోనే ఆ బాధ నంతయు భరించి, మరుసటి సంవత్సరము తన సోదరికి ఆ వృత్తాంతమును జాబుగా వ్రాసెను. అటుపై 28 సంవత్సరములకు పైగా జీవించి 1840లో కాలధర్మము చెందెను. ఆమెకు వచ్చినది నిజముగా కాన్సరేనా? నేటికిని ఈ ప్రశ్నకు రూఢియైన సమాధానము లేదు. తీసిన కంతిని సూక్ష్మదర్శినితో పరీక్షించి ఇది ఫలానా అని చెప్పు శాస్త్ర మానాటికి పుట్టలేదు. అంతటి వైద్యుని చేతిలో కత్తి యున్నది గాని, కత్తి పట్టుటకు ముందు ఉండవలసిన నిర్ణయము లేదు.

ఆ లోపము క్రమక్రమముగా తీరినది. జర్మనీ దేశమున యోహానెస్ ముల్లర్ అను శాస్త్రజ్ఞుడు కంతులను సూక్ష్మదర్శినితో పరిశీలించి 1838లో గ్రంథము ప్రకటించెను. 1879లో ఫ్రెంచి చర్మవైద్యుడు ఎర్నెస్ట్ బెనియే 'బయాప్సీ' అను పదమును ప్రచారములోనికి తెచ్చెను. జీవించియున్న మనిషి శరీరమునుండి చిన్న ముక్కను తీసి పరీక్షించుట అని దాని భావము. అయినను చాలకాలము వరకు ముక్కను పరీక్షించుటయు, రొమ్మును తొలగించుటయు ఒకే పర్యాయమున జరిగెడివి. రోగికి మత్తు నిచ్చి, కంతిని కోసి, ఆ ముక్కను అతిశీతలముచే గడ్డకట్టించి, పలుచగా తరిగి చూచెడివారు. కాన్సరని తోచినచో అప్పటి కప్పుడే రొమ్మును తొలగించెడివారు. మెలకువ వచ్చునప్పటికి తన రొమ్ము ఉండునో లేదో తెలియకయే ఆ స్త్రీ బల్లపై పరుండవలసి వచ్చెడిది. 1979లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల ఆధ్వర్యమున సమావేశమైన నిపుణులు నిర్ణయమును, చికిత్సను రెండు వేరు దశలుగా నడుపుట మేలని సిఫారసు చేసిరి. నేడు అనుసరించు క్రమ మదియే. మొదట నిర్ణయము, పిదప రోగితోను, ఆమె కుటుంబముతోను ఆలోచన, ఆ తరువాత చికిత్స.

ఈ నిర్ణయమునకు మూడు పరీక్షలు కావలయును. మొదటిది వైద్యుని పరీక్ష. వయస్సెంత? కంతి యెప్పుడు కనబడినది? ఎంత వేగముగా పెరిగినది? పాలిచ్చు తల్లియా? వంశములో ఈ వ్యాధి యున్నదా? ఈ ప్రశ్నల తరువాత కంతి కదలునదో, అతుకుకొనియున్నదో, చర్మము సొట్ట పడినదో, చనుమొన లోనికి లాగుకొనిపోయినదో, చంకలో బిళ్ళలు కట్టినవో చేతితో చూచెదరు. రెండవది చిత్రపరీక్ష. మూడవది ముక్కపరీక్ష. ఈ మూడును ముగ్గురు సాక్షుల వంటివి. ముగ్గురును ఒకే మాట చెప్పినప్పుడు తీర్పు సులభము. ఒకరు వేరు మాట చెప్పినప్పుడు ఆ ఒక్కని మాటను త్రోసివేయక మరల విచారింపవలయును. అరుదైన కంతుల విషయమున ప్రాణాధారమైన సూత్ర మిదియే.

చిత్రపరీక్షల కథ 1895లో రాంట్‌జెన్ ఎక్స్-కిరణములను కనుగొనుటతో ఆరంభమైనది. 1913లో బెర్లిన్ నగర శస్త్రవైద్యుడు ఆల్బర్ట్ సాలమన్, శస్త్రచికిత్సలో తొలగించిన సుమారు 3,000 రొమ్ములను ఎక్స్-రే తీసి, కాన్సరు నీడ ఎట్లుండునో పరిశీలించెను. 1930లో అమెరికాలో స్టాఫర్డ్ వారెన్ జీవించియున్న స్త్రీల రొమ్ములను ఎక్స్-రే తీసిన ఫలితములను ప్రకటించెను. ఉరుగ్వే దేశపు రాల్ లెబోర్న్, రొమ్మును అదిమి పట్టి తీసినచో చిత్రము స్పష్టముగా వచ్చుననియు, ఇసుక రేణువులవంటి సున్నపు చుక్కలు కాన్సరునకు సూచన కావచ్చుననియు చూపెను. 1960లో హ్యూస్టన్ నగరమున రాబర్ట్ ఈగన్ ఇతరులును నేర్చి చేయదగిన విధానమును ప్రకటించెను. దీనికే మామోగ్రఫీ అని పేరు.

మామోగ్రఫీలో రొమ్మును రెండు పలకల నడుమ కొన్ని సెకన్లు అదిమి, పైనుండి ఒకటి, ఏటవాలుగా ఒకటి చొప్పున చిత్రములు తీయుదురు. అదుముటవలన కొంత బాధ కలుగును గాని, కణజాలము పలుచబడి నీడలు విడివిడిగా కనబడును. తక్కువ కిరణములతో పని జరుగును. క్రొవ్వు నల్లగాను, గ్రంథుల కణజాలము తెల్లగాను, కంతియు తెల్లగానే కనబడును. ఇందే చిక్కున్నది. యౌవనమున రొమ్ములో గ్రంథుల భాగము హెచ్చు. తెల్లని పొగమంచులో తెల్లని కొంగను వెదకినట్లు, అట్టి రొమ్ములో కంతి కనబడక పోవచ్చును. కావున వయస్సున చిన్నవారికి సాధారణముగా మొదట అల్ట్రాసౌండ్ పరీక్షయే చేయుదురు.

రేడియో వినువారికి తరంగములు, మెగాహెర్ట్జ్ అను మాటలు క్రొత్తవి కావు. అల్ట్రాసౌండ్ పరీక్షలో వాడునవి రేడియో తరంగములు కావు, శబ్దతరంగములే. కాని అవి మన చెవి కందనంత ఉచ్చమైనవి. రొమ్ము పరీక్షలో ఆ శబ్దము సెకనుకు కోటి పర్యాయములకు అటునిటుగా కంపించును. లోనికి పోయిన శబ్దము ఒక్కొక్క పొరకు తగిలి ప్రతిధ్వనిగా మరలివచ్చును. ఆ ప్రతిధ్వనులను యంత్రము చిత్రముగా మార్చును. నీరు నిండిన తిత్తి నల్లగా, నిండుకంతి బూడిదరంగుగా తోచును. కంతి అంచు నునుపుగా నున్నదా, గరుకుగా నున్నదా అనునదియు తెలియును. ఇక రేడియో తరంగములనే వాడు పరీక్ష వేరొకటి కలదు. అది ఎం.ఆర్.ఐ. బలమైన అయస్కాంతములో రోగిని పరుండబెట్టి, రేడియో తరంగములను పంపి, శరీరములోని హైడ్రోజను పరమాణువు లిచ్చు బదులును పట్టి చిత్రము గీయుదురు. ఇది అందరికిని అవసరము లేదు. వ్యాధి ఎంతమేర వ్యాపించినదో తేలనప్పుడును, మిగిలిన చిత్రములు పొసగనప్పుడును సహాయపడును.

చిత్రములను చదివిన వైద్యులు తమ అభిప్రాయమును ఒక అంకెతో తెలుపుట పరిపాటి. 1993లో అమెరికా రేడియాలజీ కళాశాల వెలువరించిన ఈ క్రమమునకు బైరాడ్స్ అని పేరు. 1 అనగా దోషము లేదు. 2 అనగా నిరపాయమైనది. 3 అనగా నూటికి రెండింటికి మించి కాన్సరయ్యే అవకాశము లేదు, కొన్నాళ్ళకు మరల చూడవలయును. 4 అనగా అనుమానము కలదు, ముక్క తీయవలయును. 5 అనగా కాన్సరని దాదాపు నిశ్చయము, అయినను ముక్క తీసియే తేల్చవలయును. 0 అనగా ఇంకను చిత్రములు కావలయును. 6 అనగా ముక్కపరీక్షలో కాన్సరని ముందే తేలినది. ఇచ్చట ఒక హెచ్చరిక. కాగితముపై '4' అను అంకె చూచి నాల్గవ దశ కాన్సరని గుండె చెదరిన కుటుంబములు కలవు. ఈ అంకె అనుమానపు తరగతియే గాని వ్యాధి దశ గాదు. ఆ తరగతిలో ముక్క తీసి చూచినవారిలో అనేకులకు కాన్సరు లేదని తేలును.

చిత్రము ఎంత స్పష్టముగా నున్నను అది నీడయే. నీడనుబట్టి మనిషి ఎత్తు చెప్పవచ్చును, మనస్సు చెప్పలేము. కంతి స్వభావమును తెలిసికొనుటకు దాని ముక్కయే కావలయును. సన్నని సూదితో కొన్ని కణములను పీల్చి చూచుట ఒక విధము. ఇది చవుక, శీఘ్రము. కాని ఇందు కణములు విడివిడిగా వచ్చును. అవి ఏ అమరికలో నుండెనో తెలియదు. ఇటుకల కుప్పను చూచి అది గుడియో, గోడయో చెప్పలేనట్లే, విడి కణములను చూచి కొన్ని కంతులను పోల్చలేము. కావున నేడు ప్రధానముగా కోర్ బయాప్సీ చేయుదురు. మందు పొడిచి ఆ చోటును తిమ్మిరెక్కించి, అల్ట్రాసౌండ్‌లో సూదిమొనను చూచుచు, సుమారు 2 మిల్లీమీటర్ల లావుగల సూదితో వత్తివంటి ముక్కలను కొన్ని తీయుదురు. చేతికి తగులక మామోగ్రఫీలో మాత్రమే కనబడు సున్నపు చుక్కలనుండి సహితము, ఆ చిత్రముల ఆధారమున చోటు లెక్కగట్టి ముక్క తీయగలరు. సాధారణముగా ఆనాడే ఇంటికి పోవచ్చును.

తీసిన ముక్కను వెంటనే ఫార్మలిన్ ద్రవములో వేయవలయును. ఆలస్యమైనచో కణములు చెడి, తరువాతి పరీక్షలు తప్పుదారి పట్టును. ప్రయోగశాలలో దానిని మైనములో పోతపోసి, మిల్లీమీటరులో కొన్ని వేయవ వంతుల మందమున తరిగి, రంగులద్ది సూక్ష్మదర్శిని క్రింద నుంచెదరు. అవసరమైనచో కణములపై నుండు ప్రత్యేక మాంసకృత్తులను పట్టి చూపు రంగుపరీక్షలు జరుపుదురు. కాన్సరని తేలినప్పుడు హార్మోను మందులు పనిచేయునా, హెర్-2 అను మాంసకృత్తు హెచ్చుగా నున్నదా అను విషయములును ఈ ముక్కనుండియే తెలియును. ఇందులకు కొన్ని దినములు పట్టును. ఆ దినములు ఇంటిల్లిపాదికిని కష్టమైనవే. కాని వృథా కావు.

ఇక అరుదైన కంతుల మాట. వానిలో ముఖ్యమైనది ఫిల్లోడీస్ కంతి. దీనిని వర్ణించి పేరుపెట్టినవాడు పైన చెప్పిన ముల్లరే; 1838 నాటి మాట. గ్రీకు భాషలో ఫిల్లాన్ అనగా ఆకు. కంతిని కోసినప్పుడు లోపల ఆకుల మడతలవలె కనబడుటచే ఆ పేరు వచ్చినది. రొమ్ము కంతులలో నూటికి ఒకటికన్న తక్కువగా ఇది కనబడును. సాధారణముగా నలుబది, ఏబది ఏండ్ల నడుమ వచ్చును. ఆసియా ఖండపు స్త్రీలకు అంతకన్న చిన్న వయస్సున వచ్చుటయు కలదు. వీనిలో ఎక్కువ భాగము నిరపాయమైనవి, కొన్ని సందిగ్ధమైనవి, కొన్ని మాత్రము ప్రమాదకరమై ఊపిరితిత్తులకు ప్రాకునవి.

దీనితోడి చిక్కేమనగా, ఇది ఫైబ్రోఅడినోమా అను నిరపాయకరమైన కంతివలె కనబడును. ఫైబ్రోఅడినోమా యౌవనమున సర్వసాధారణము. చేతితో తాకిన రెండును నునుపే, రెండును కదలునవే. మామోగ్రఫీలో రెండును గుండ్రని నీడలే. అల్ట్రాసౌండ్‌లోను పోలిక యెక్కువ. ఫిల్లోడీస్‌లో ఒక్కొక్కప్పుడు చీలికలవంటి నీటిసందులు కనబడును, అంతే. భేద మెక్కడ నున్నదనగా పెరుగుదలలో. ఫైబ్రోఅడినోమా నిదానముగా పెరిగి ఆగును. ఫిల్లోడీస్ నెలలలో బలియును.

ఊహకొక ఉదాహరణము తీసికొందము. 42 ఏండ్ల ఇల్లాలొకతె రొమ్ములో నిమ్మకాయంత కంతి యున్నది. నాలుగు నెలలలో అది బత్తాయికాయంత అయినది. నొప్పి లేదు. అల్ట్రాసౌండ్ చూచినవారు నునుపైన కంతి, నిరపాయము కావచ్చునని వ్రాసిరి. సన్ననిసూది పరీక్షలో ఫైబ్రోఅడినోమా అని వచ్చినది. ఇద్దరు సాక్షులు మంచిమాటే చెప్పిరి. ఇక కాయనుండి గింజను వొలిచినట్లు కంతిని మాత్రము వొలిచి తీసివేసిన చాలునని తోచును. కాని మొదటి సాక్షి, అనగా వయస్సును, పెరుగుదల వేగమును, వేరు మాట చెప్పుచున్నవి. శ్రద్ధగల వైద్యు డిచ్చట ఆగును. కోర్ బయాప్సీ చేయించును. అందు 'ఫిల్లోడీస్ కాదని చెప్పలేము' అను నివేదిక వచ్చును. అప్పు డాయన కంతిని వొలువక, చుట్టును కొంత మంచి కణజాలముతో కూడ తొలగించును. ఈ భేదము చిన్నది కాదు. ఫిల్లోడీస్ కంతి చుట్టుపట్ల కణజాలములోనికి వ్రేళ్ళవలె చొచ్చుకొని యుండవచ్చును. వొలిచినచో ఆ వ్రేళ్ళు మిగిలిపోయి కంతి మరల మొలచును. మరల వచ్చినది మొదటిదానికన్న చెడ్డది కావచ్చును. మరొకవంక, సాధారణ రొమ్ము కాన్సరువలె ఇది చంక బిళ్ళలకు ప్రాకుట మిక్కిలి అరుదు. కావున చంకలోని బిళ్ళలను తొలగించు శస్త్రచికిత్స సాధారణముగా అక్కరలేదు. సరియైన పేరు తెలియుటవలన ఒకచోట ఎక్కువ కోయవలసి వచ్చును. వేరొకచోట కోత తప్పును.

ఈ కంతిలో కోర్ బయాప్సీకి సహితము ఒక పరిమితి కలదు. అన్నము ఉడికినదా లేదా అని చూచుటకు ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునందురు. కుండ అంతటను మంట సమముగా తగిలినప్పుడే ఆ మాట నిజము. ఒకవైపు మెత్తగాను, ఒకవైపు పలుకుగాను ఉన్న అన్నమున ఒక్క మెతుకు మోసము చేయును. ఫిల్లోడీస్ అట్టి కుండ. ఒకచోట ఫైబ్రోఅడినోమావలెను, వేరొకచోట ప్రమాదకరముగాను ఉండగలదు. కావున కంతి నంతటిని తీసిన పిదప, పలుచోట్ల ముక్కలు తరిగి, ఆధార కణజాలము ఎంత దట్టముగా నున్నదో, కణములు ఎంత తరచుగా చీలుచున్నవో లెక్కించి, అంచులు చూచిన తరువాతనే అది నిరపాయమా, సందిగ్ధమా, ప్రమాదకరమా అని తుది మాట చెప్పుదురు.

మేకవన్నె పులి యున్నట్లే, పులితోలు కప్పుకొన్న మేకయు కలదు. గ్రాన్యులర్ సెల్ కంతి అట్టిది. దీనిని 1926లో రష్యా శాస్త్రజ్ఞుడు అబ్రికోసోవ్ వర్ణించెను. కండరమునుండి పుట్టినదని ఆయన తలచెను; నాడులను కప్పియుండు కణములనుండి పుట్టునని తరువాత తేలినది. ఇది నాలుకపైనను, చర్మములోను వచ్చును. అరుదుగా రొమ్ములోను వచ్చును. గట్టిగా నుండును, చర్మమును సొట్టపరచును, మామోగ్రఫీలో ముళ్ళవలె అంచులు చాచి అచ్చముగా కాన్సరును పోలియుండును. చేయియు, చిత్రమును రెండును కాన్సరనియే సాక్ష్య మిచ్చును. ముక్కను చూచినప్పుడు మాత్రము రేణువులతో నిండిన పెద్ద కణములు కనబడును. ఎస్-100 అను రంగుపరీక్షతో గుట్టు బయటపడును. వీనిలో దాదాపు అన్నియు నిరపాయమైనవే. ఆ చోటివరకు తొలగించిన చాలును. ముక్క తీయక చిత్రమునే నమ్మియున్నచో ఆ స్త్రీ అకారణముగా రొమ్మును కోల్పోయెడిది.

మన దేశమున మరువరాని వేషధారి వేరొకటి కలదు. అది రొమ్ము క్షయ. 1829లోనే ఇంగ్లండు శస్త్రవైద్యుడు సర్ ఆస్ట్లీ కూపర్ దీనిని వర్ణించియున్నాడు. ఇది గట్టి కంతిగానో, మానని పుండుగానో, చీము కారు రంధ్రముగానో కనబడును. దీనిని పోలినదే గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్ అను వాపు. దీనిని 1972లో కెస్లర్, వొల్లోక్ అనువారు ప్రత్యేకవ్యాధిగా గుర్తించిరి. ఇది తరచుగా బిడ్డలను కన్న కొన్ని సంవత్సరములలో వచ్చును. రెండును చిత్రములో కాన్సరును పోలవచ్చును. రెండింటి ముక్కలోను ఒకేవిధమైన కణగుచ్ఛములు కనబడవచ్చును. కాని చికిత్స వేరు. మొదటిదానికి నెలల తరబడి క్షయ మందులు; రెండవదానికి అవి పనికిరావు. కావున ముక్కలో కొంత భాగమును క్షయ క్రిములకై ప్రత్యేక పరీక్షలకు పంపవలయును. ముక్క నంతటిని ఫార్మలిన్‌లోనే వేసినచో క్రిములను పెంచి చూచు అవకాశము పోవును. ముందుగా అనుమానించిన వైద్యుడే ఆ ఏర్పాటు చేయగలడు.

దీనికి తలక్రిందైనది మరొకటి. రొమ్ము అకస్మాత్తుగా ఎఱ్ఱబడి, వాచి, వెచ్చనై, చర్మము నారింజ తొక్కవలె గుంటలు పడును. చూచినవారందరు సెగగడ్డ యనుకొందురు. పాలిచ్చు తల్లులకు అది సెగగడ్డయే కావచ్చును, మందులతో తగ్గును. కాని మందు వాడినను ఒకటి రెండు వారములలో తగ్గని ఎఱ్ఱదనము ఇన్‌ఫ్లమేటరీ కాన్సరు కావచ్చును. ఇది అరుదైనది, వేగముగా ముదురునది. ఇందు చేతికి కంతి తగులకపోవచ్చును. అప్పుడు చర్మపు ముక్కనుకూడ తీసి చూడవలయును. అట్లే రొమ్ము కాన్సర్లలో నూటికి ఒకటి పురుషులకు వచ్చును. మగవానికి రొమ్ము వ్యాధి యేమిటను సిగ్గుచేత వారు ఆలస్యముగా వత్తురు. చనుమొన క్రింద గట్టి కంతి కనబడిన పురుషునకును పరీక్షలు ఇవియే.

ఇంతవరకు చెప్పినదాని సారాంశ మొక్కటి. ఏ ఒక్క పరీక్షయు ఒంటిగా నమ్మదగినది కాదు. నివేదిక నిరపాయమని వచ్చినంతమాత్రమున సంతోషించి ఇంటికి పోరాదు. ఆ నివేదిక చిత్రముతోను, వైద్యుని చేతితోను పొసగినదా అని అడుగవలయును. చిత్రము ముళ్ళు చూపుచుండగా ముక్కలో ఏమియు లేదని వచ్చినచో, సూది కంతిని తప్పి ప్రక్కకు పోయియుండవచ్చును. అప్పుడు మరల ముక్క తీయుట వైద్యుని అసమర్థత కాదు. ఆయన శ్రద్ధకు గుర్తు. 'ఒకసారి తీసిరి గదా, మరల ఏల?' అని కోపింపక సహకరింపవలయును.

ముక్క తీయుటయనగానే మన ఇండ్లలో వినబడు మాట ఒకటి కలదు: 'సూది పొడిచినచో జబ్బు కదలి ఒళ్ళంతయు ప్రాకును' అని. సూది వెళ్ళిన దారిలో కొన్ని కణములు చెదరుట సూక్ష్మదర్శినిలో కనబడిన మాట నిజమే. కాని సూదిపరీక్ష చేయించుకొన్నందున రోగుల ఆయుస్సు తగ్గినట్లు నిరూపణ లేదు. అట్లయినచో ఈ మాట ఏల వ్యాపించినది? భయపడి నెలల తరబడి ఆకుపసరు పట్లు వేసికొని, వ్యాధి ముదిరిన తరువాత వచ్చినవారికి సూది వేసిన కొలది కాలములో కష్టము కలిగినప్పుడు, తప్పు ఆలస్యముపై గాక సూదిపై పడినది. నిజమునకు ప్రాణము తీయునది సూది కాదు, ఆ నెలలు.

మన స్త్రీలు కంతి సంగతి చెప్పుటకు సిగ్గుపడుదురు. అత్తగారికి చెప్పుటకు బెరకు. భర్తకు చెప్పినచో ఖర్చని సంకోచము. పెండ్లికావలసిన కూతు రున్నచో లోకమేమనునో అని జంకు. ఈ ప్రసంగమును పురుషులును వినుచున్నారు గావున వారికొక మాట. ఇంటి ఇల్లాలు తన బాధను ముందుగా చెప్పగల వాతావరణమును కల్పించుట మీ చేతిలో నున్నది. 2016లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన మార్గదర్శక సూత్రముల ప్రకారము 30 ఏండ్లు నిండిన స్త్రీలకు, శిక్షణ పొందిన ఆరోగ్యసిబ్బందిచే ఐదేండ్ల కొకసారి రొమ్ము పరీక్ష జరుపవలసియున్నది. ఆ అవకాశమును వినియోగించుకొనుడు. నడుమ కంతి కనబడినచో ఐదేండ్లు గడువవలెనని ఎదురుచూడరాదు.

చివరగా, పరీక్షకు పోవునప్పుడు పాత చిత్రములను, పాత నివేదికలను, మునుపు ఎప్పుడైన కంతి తీయించుకొనియున్నచో ఆనాటి ముక్కపరీక్ష కాగితమును వెంట తీసికొనిపొండు. పది సంవత్సరముల నాటి నివేదిక ఒక్కొక్కప్పుడు నేటి చిక్కును విప్పును. తీసిన ఏ కంతినైనను, అది ఎంత చిన్నదైనను, ప్రయోగశాలకు పంపిరా అని తప్పక అడుగుడు. పారవేసిన ముక్క మరల సాక్ష్యము చెప్పదు. 1811లో ఫానీ బర్నీకి అడుగుటకు వీలులేని ప్రశ్నను నేడు మన పల్లెలోని సామాన్య స్త్రీయు అడుగగలదు: 'నా రొమ్ములో నున్నది ఏమి?' సమాధానము తెలియువరకు నిరాశకు గాని, ఉపేక్షకు గాని తావీయకుండుటయే మనము చేయవలసిన పని.